నూట నలభై మూడోది

జనవరి. బయట మైనస్ పంతొమ్మిది.
మిన్నెసోటా ఉత్తరాన, గడ్డకట్టిన సరస్సు మీద మా గుడిసె.
ప్లైవుడ్ గోడలు, చిన్న గ్యాస్ పొయ్యి,
నేలలో రెండు కన్నాలు, కన్నాల్లో నల్లటి నీళ్ళు.
ఆర్విడ్ బోర్లించిన బకెట్ మీద, నేను మడతకుర్చీలో.
దూరంగా ఎవరిదో ట్రక్కు మంచు మీద కదిలితే
మా కాళ్ళకింద సరస్సు
అరగని కడుపులా గుర్రుమంటుంది.

డబ్బా మీద బొమ్మ మాత్రం ఘనంగా ఉంది.
పిడికెడేసి రాస్ప్‌బెర్రీలు, వాటి మీద నీటిబొట్లు.
'లైట్' అని మూడు చోట్ల రాశారు,
మర్చిపోతామేమోనని.
ఎరలు అమ్మే కొట్లో కుర్రాడు
ఆరు కొంటే ఒకటి ఊరికే అన్నాడు.
ఊరికే వచ్చింది ఇదే.

మూత లాగాను. టప్పుమంది.
"ఊఁ, చెప్పు లవాన్," అన్నాడు ఆర్విడ్.

నోట్‌బుక్ ముందునుంచి తెరిస్తే చేపలు,
వెనకనుంచి తెరిస్తే బీర్లు.
పంతొమ్మిది చలికాలాలు, నూట నలభై రెండు బీర్లు.
ఒక్కోదానికి రెండు గడులు, నాదొకటి, ఆర్విడ్‌దొకటి.
పోయిన వేసవినుంచి అతని గడి ఖాళీ.
డాక్టరమ్మ కాలేయం బొమ్మ గీసి
అరగంట వివరించాక
అతను అడిగింది ఒక్కటే ప్రశ్న:
"వాసన చూడొచ్చా?"

రంగు: కుంచె కడిగిన నీళ్ళ గులాబీ.
నురగ: ఉంది అనేలోపు లేదు.
వాసన: నేను నడిపిన స్కూలు బస్సులో
నాలుగో వరుస సీటు కింద
ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్.
"ఏ సంవత్సరంది?"
"తొంభై ఆరు."
దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఇక రుచి.
చుట్టపుచూపుగా వచ్చింది.
బూట్లు విప్పలేదు, కుర్చీ లాక్కోలేదు,
గుమ్మంలోనే బాగున్నారా అని
అటునుంచి అటే వెళ్ళిపోయింది.
దాని వెనక నీళ్ళు. నీళ్ళ వెనక నీళ్ళు.
బార్లీ పక్క కౌంటీలో ఎక్కడో ఉందని వినికిడి.

"మరి పండు?"

పండంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.
ఆగస్టులో పాత రైలుకట్ట వెంట
ముళ్ళ పొదలోకి మోచేతిదాకా చెయ్యి పెడితే
గీరుకున్నచోటల్లా చెమట మండుతుంది.
పండు వేలికొసకి టోపీలా ఊడొస్తుంది.
లోపల బోలు, బోలులో ఒక్కోసారి పురుగు,
పళ్ళ సందున గింజ, రాత్రి పడుకునేదాకా.
ఇందులో గింజ లేదు, గీరు లేదు.
పురుగు కూడా ముట్టని సరుకు.

"ఐదుకి ఒకటిన్నర," అన్నాను.

"అబద్ధం. రెండో గుక్కకి నీ కుడి కనుబొమ్మ లేచింది.
రెండున్నర."

"తాగింది నేనా, నువ్వా?"

"కనుబొమ్మ నీకు కనపడదుగా."

ఇంతలో దారం కదిలింది. డబ్బా తలుపు పక్క మంచులో గుచ్చి
కాసేపు ఆ దారంతో కుస్తీ పట్టాను.
తీరా చూస్తే నాచు.
తిరిగొచ్చేసరికి బీరు సగం గడ్డకట్టింది.
ఎరచేపల గరిటె కాడతో పొడిచి
అడుగున మిగిలిన గుక్క వంపుకున్నాను.
నీళ్ళు తమ దారిన తాము మంచైపోయాక
మిగిలినదానికి కాస్త ముక్కూ మొహమూ వచ్చాయి.
పులుపు వచ్చింది. దవడ మూల కొంచెం లాగింది.
పొదలో అందకుండా పోయే ఆ పచ్చి పండులా
అనబోయి ఊరుకున్నాను.
కనుబొమ్మ ఏం చేసిందో నాకు తెలీదు.

ఆర్విడ్ చెయ్యి చాచాడు.
డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని
కళ్ళు మూసుకుని
చాలాసేపు ఉండిపోయాడు. పొయ్యి బుసబుసలాడుతోంది.
"డీజిల్," అన్నాడు చివరికి.
"నీ బస్సే. సందేహం లేదు."

పెన్సిల్ అడిగి తీసుకున్నాడు, ఈ చలిలో పెన్నులు రాయవు.
మోకాలి మీద పుస్తకం పెట్టుకుని
తన గడిలో ఏదో రాసి
అరచేయి అడ్డం పెట్టాడు,
పరీక్షలో పిల్లాడిలా.

చూద్దామని వంగేలోపు
అతని దారం గుంజింది.
పెర్చ్. చూపుడువేలంత.
వదిలేశాం.